రసమట్టం

మొదటి నెలంతా నిలువుగానే మునిగాను
భవానీ ద్వీపం పక్కన, పచ్చటి పాయలో.
తల పైకి, కాళ్లు కిందికి.
ఇరవై రెండేళ్లు నేల మీద నేర్చుకున్న నడక
నీళ్లలోకి దిగినా నన్ను వదల్లేదు.

"హెప్సిబా, నువ్వు ఈదట్లేదమ్మా,
మెట్లెక్కుతున్నావు" అన్నాడు సైదులు మాస్టారు.
నిజమే.
ఒక్క తన్ను తన్నానంటే చాలు
అడుగున పడుకున్న ఒండ్రంతా లేచి
కాగుతున్న టీలా కమ్ముకునేది.
నా చెయ్యి నాకే కనపడేది కాదు.

ఆయన పలక మీద గీసి చూపించాడు
అడ్డంగా ఒక గీత. అంతే బొమ్మ.
మోకాళ్లు మడువు. పాదాలు పైకెత్తు.
చేతులు ముందుకి, ఎవరో పళ్లెం అందిస్తున్నట్టు.
చూపు ముందుకి.
విన్నాను. అన్నీ చేశాను.
నడుముకి ఆరు కిలోల సీసం,
నడుం కింద మళ్లీ కాళ్లు
దండెం మీద తడి దుప్పటిలా వేలాడాయి.

ఆదివారం గుంటూరు వెళ్లి నాన్నకి చెప్పాను.
మిర్చియార్డులో ముఠా పని ఆయనది,
మెడ మీద తువ్వాలు చుట్ట, చుట్ట మీద నలభై కిలోల టిక్కీ.
"ఆరు కిలోలకేనా?" అని నవ్వాడు ముందు.
తర్వాత అన్నం చెయ్యి కడుక్కుని వచ్చి
నా వెనక నిలబడి నడుం మీద బొటనవేలు నొక్కాడు.
"ఇక్కడ పెడితే కూలబడతావ్."
వేలు వెన్నుపూసల మీదుగా ఒక్కొక్కటే ఎక్కి
మెడకి జానెడు కింద ఆగింది.
"ఇక్కడ పెట్టు.
బరువు తగ్గదు. మాట వింటది."

రెండు కిలోలు విప్పి సిలిండర్ మెడకి కట్టాను.
కాళ్లు వాటంతటవే లేచాయి,
నేనేదో అడ్డం తప్పుకున్నట్టు.

ఆయన విద్య ఇంకోటి మాత్రం మర్చిపోవాల్సి వచ్చింది.
యార్డులో కోరు లేచినప్పుడు
ఊపిరి బిగబట్టడం చిన్నప్పుడే నేర్పాడు.
ఇక్కడ బిగబట్టకూడదు.
పీలిస్తే జానెడు పైకి, వదిలితే జానెడు కిందికి,
నా ఎత్తూ పల్లం నా రొమ్ములోనే.

ఫిబ్రవరిలో బ్యారేజీ గేటు కింద ఎక్కడో
నీళ్లు కారుతున్నాయన్నారు.
నన్నూ ప్రభుదాసునీ తాళ్లు కట్టి దింపారు.
"చెయ్యి పెట్టి వెతకొద్దు" అన్నాడు మాస్టారు,
"ఆ చీలిక పట్టుకుంటే వదలదు."

అడుగున పైనుంచి విసిరిన చిల్లర,
ముడి విప్పని పూజ సంచి, ఒక హెల్మెట్.
వాటికి మూరెడు ఎత్తున ఆగాను.
మేస్త్రీ రసమట్టంలో బుడగ
అటూ ఇటూ జారి జారి
రెండు గీతల మధ్య నిలుస్తుందే, అలాగ.
ఏదీ తాకలేదు. ఏదీ తన్నలేదు.
ఆగడంలో ఇంత పనుందని ఎవరూ చెప్పలేదు నాకు.

టార్చి వెలుగులో నలకలు.
ఊరికే తేలుతున్నాయనుకున్నాను.
కాదు. అన్నీ ఒకే దిక్కుకి,
పిలుపు అందినవాళ్లలా, తొందర లేకుండా,
గేటు కుడి మూలకి వెళ్లి
సన్నటి చీకట్లోకి ఒక్కొక్కటే మాయం.
బోల్టులు లెక్కపెట్టాను. పదకొండోది.

అప్పుడే ప్రభుదాసు ఆత్రంగా కాళ్లు దించాడు.
ఒండ్రు లేచింది.
గేటు లేదు, నలకల్లేవు, ప్రభుదాసూ లేడు.
తాడు రెండుసార్లు లాగి
ఆ గోధుమరంగు చీకట్లో అడ్డంగానే ఉన్నాను,
వేళ్ల మధ్య పదకొండు అనే అంకెని
గట్టిగా పట్టుకుని.

రాత్రి నాన్న ఫోన్ చేశాడు.
"ఏం చేశావే అంతసేపు కింద?"
"ఏం చెయ్యలేదు నాన్నా. కదలకుండా ఉన్నా."
కాసేపు మాట్లాడలేదు. యార్డులో లారీ హారన్ వినిపించింది.
"దానికి కూలిస్తారా?" అన్నాడు.